కొండ ఊట నుంచి పల్లెకు గ్రావిటీ పైపు: నీళ్లు కాసేపు వచ్చి ఆగిపోతున్నాయి, లోపం ఎక్కడ?

కొండవార (ప్రశ్న)

కొండ కింద చిన్న పల్లె. 48 ఇళ్లు, 260 మంది జనం, 60 దాకా పశువులు. పైన ఏడాది పొడుగునా ఎండని ఊట ఒకటి ఉంది. మోటారు లేకుండా ఆ నీళ్లు పైపుతో కిందికి దింపి, ట్యాంకు కట్టి, వీధి కుళాయిలు పెట్టాలన్నది ఆలోచన.

ఊట నుంచి ట్యాంకు స్థలం దాకా పైపు దారి 1,100 మీటర్లు, ఎత్తు తేడా 62 మీటర్లు. దారి ఒకే వాలుగా దిగదు. మొదటి 350 మీటర్లలో 48 మీటర్లు దిగి వాగు దాటుతుంది. అక్కణ్నుంచి మళ్లీ ఎక్కి ఒక మిట్ట మీదుగా పోతుంది. ఆ మిట్ట ఊట నుంచి 500 మీటర్ల దూరంలో, ఊట కంటే 20 మీటర్లు కింద ఉంది. మిగతా 600 మీటర్లూ దిగుడే. ఎండాకాలం చివర్లో 20 లీటర్ల బకెట్టు 50 సెకన్లకు నిండుతోంది.

ప్రస్తుతం 32 మి.మీ. నల్ల ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ పైపు నేలమీదే పరిచి ఉంది. కింది కొస తెరిస్తే మొదట ధార జోరుగా వస్తుంది. పది పదిహేను నిమిషాలకు బుస్సుమని గాలి కొడుతుంది, తర్వాత దగ్గుతున్నట్టు ఆగి ఆగి సన్నగా వస్తుంది, ఒక్కోసారి మొత్తం ఆగిపోతుంది. అప్పుడు పైకి వెళ్లి చూస్తే ఊట దగ్గర నీళ్లు నిండుగానే ఉంటాయి. వాన పడితే నీళ్లు ఎర్రగా వస్తాయి.

ఇంకా లావు పైపు వేయాలా? ఊట దగ్గర ఏం కట్టాలి? ట్యాంకు ఎంతది కావాలి?

నీటిలెక్క

పైపు సన్నం కావడం వల్ల వచ్చిన తిప్పలు కావివి. ఊట ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ నీళ్లు ఆ పైపు లాగేస్తోంది.

20 లీటర్లు 50 సెకన్లలో అంటే సెకనుకు 0.4 లీటరు. 32 పైపు లోపలి వ్యాసం సుమారు 28 మి.మీ. దాంట్లో 0.4 లీటరు పారాలంటే రాపిడికి కిలోమీటరుకు 21 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. 40 పైపులో (లోపల 35) 7 మీటర్లు, 50 పైపులో (లోపల 44) 2.3 మీటర్లు. పైపు రాపిడికి వాడే హేజెన్-విలియమ్స్ సూత్రంలో సీ విలువ (పైపు నునుపు అంకె) 140 వేసి కట్టిన లెక్క. మీ 1,100 మీటర్లకు 32 పైపులో అయ్యే ఖర్చు 23 మీటర్లే, చేతిలో ఉన్నది 62. మిగిలిన 39 మీటర్లను ఎక్కడా అడ్డుకోకుండా కొస బార్లా తెరిస్తే, 62 మీటర్లూ రాపిడికి సరిపోయేదాకా పైపు వేగం పెంచుకుంటూ పోతుంది. అది సెకనుకు 0.68 లీటరు దగ్గర తేలుతుంది. ఊట ఇచ్చేది 0.4. పైన నిలవ ఉన్న గుంట అయిపోయేదాకా జోరుగా వస్తుంది, అయిపోగానే పైపు నోరు గాలి పీలుస్తుంది. మీరు చెప్పిన పది పదిహేను నిమిషాల లెక్క అదే.

మిట్ట దగ్గర ఇంకో చిక్కు ఉంది. కొస బార్లా తెరిచినప్పుడు మొదటి 500 మీటర్లలోనే 28 మీటర్లు రాపిడికి పోతాయి. మిట్ట ఊట కంటే కిందికి ఉన్నది 20 మీటర్లే. అంటే అక్కడ పైపులో ఒత్తిడి సున్నా కంటే, అంటే బయటి గాలి ఒత్తిడి కంటే, 8 మీటర్ల నీటి ఎత్తంత తక్కువ. నీళ్లలో కరిగిన గాలి అక్కడ బుడగలై బయటికొస్తుంది, పైపులను కలిపే కాలర్లు వదులుగా ఉంటే బయటి గాలి కూడా లోపలికి దూరుతుంది.

ఇక మొత్తం ఆగిపోవడం. నేలమీద పరిచిన పైపు రాయి మీదా వేరు మీదా ఎక్కి దిగుతూ పోతుంది. ప్రతి చిన్న మిట్ట అవతలి వాలులో గాలి ఎంత నిలువు ఎత్తున ఇరుక్కుంటే అంత ఒత్తిడి పోయినట్టే. ఊటకీ మిట్టకీ మధ్య రెండేసి మీటర్ల గాలి తిత్తులు పది ఏర్పడితే మీకున్న 20 మీటర్లూ అక్కడే హరీ. పైన నీళ్లు నిండుగా ఉన్నా కదలవు.

కాబట్టి మొదటి పని: కింద ట్యాంకు దగ్గర వాల్వు పెట్టి ప్రవాహాన్ని 0.4కు బిగించండి. వాల్వు పైన ఊట దగ్గర పెట్టి తగ్గిస్తే మాత్రం పని చెడుతుంది. పైన బిగిస్తే వాల్వుకు అవతల పైపంతా సగం ఖాళీగా నడుస్తుంది, గాలి ఇంకా పెరుగుతుంది. కింద బిగిస్తే పైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండుగా, ఒత్తిడితో ఉంటుంది. పైన ఊట పెట్టె పొంగు గొట్టంలోంచి సన్నగా కారుతూ ఉండేంత వరకు బిగించడమే గుర్తు. పొంగు ఆగిపోయిందంటే ఇంకాస్త బిగించాలి.

బాల్ వాల్వు వాడకండి. సగం తెరిచి ఉంచితే సీటు అరిగిపోతుంది, ఎవరైనా టక్కున మూస్తే నీటి దెబ్బకు కాలర్లు ఊడతాయి. గ్లోబ్ వాల్వు పెట్టి, సరిచేశాక పిడి తీసి దాచండి. వాల్వు బదులు యూనియన్ (విప్పి బిగించగల జాయింటు) మధ్యలో 5.5 మి.మీ. రంధ్రం ఉన్న స్టీలు బిళ్ల పెట్టినా 39 మీటర్ల ఒత్తిడి దగ్గర సరిగ్గా 0.4 లీటరే వదులుతుంది. పిల్లలు తిప్పడానికి ఏమీ ఉండదు. కాకపోతే ముందు జాలి తప్పనిసరి, ఆకు ముక్క ఒక్కటి చాలు మూసుకుపోవడానికి.

రెండో పని, డబ్బుంటే: ఊట నుంచి మిట్ట దాకా 500 మీటర్లు 40 పైపుకు మార్చండి, మిట్ట నుంచి కిందికి ఉన్న 32 అలాగే ఉంచండి. అప్పుడు ఎవరైనా వాల్వు బార్లా తెరిచినా మిట్ట దాకా 14 మీటర్లే ఖర్చవుతాయి, మిట్ట మీద ఇంకా 6 మీటర్ల ఒత్తిడి మిగులుతుంది. లావు పైపు పైన, సన్న పైపు కింద. వరస తిప్పేసి వేస్తే అదే డబ్బుకు అదే పాత రోగం. మొత్తం 50 వేయమని ఎవరైనా అంటే వినకండి. 0.4 లీటరుకు దాంట్లో వేగం సెకనుకు పావు మీటరే. గాలినీ ఇసుకనూ తోసుకుపోయే సత్తువ ఆ నీటికి ఉండదు.

పైపుమేస్త్రి

నీటిలెక్క గారి లెక్కతో పేచీ లేదు, మందుతో ఉంది. కింద వాల్వు మూస్తే ట్యాంకు దగ్గర పైపు మీద పడేది 62 మీటర్ల నిలవ ఒత్తిడి. పీఎన్ 6 పైపు (పీఎన్ అంటే పైపు ఒత్తిడి తరగతి) ఓర్చేది 60. ట్యాంకులో ఫ్లోట్ వాల్వు పెట్టినా, రిపేరుకని ఎవరైనా మూసినా అంత ఒత్తిడీ పడుతుంది. ఎవరూ మూయరు అనుకుని లైను వేయకూడదు. అలా ఒకే లైనుగా ఉంచాలంటే ఊటకు 50 మీటర్లు కిందికి దిగిన చోటు నుంచి పీఎన్ 10 పైపు వేయాలి.

దాని బదులు మిట్ట మీదే ఒత్తిడి తెంపే తొట్టి కట్టండి. లోపల మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు చాలు. పైనుంచి వచ్చిన నీళ్లు తొట్టిలో గాలి తగిలేలా పడతాయి, అక్కణ్నుంచి కొత్తగా లెక్క మొదలు. వాగు దగ్గర నిలవ ఒత్తిడి 48 మీటర్లు, కింద ట్యాంకు దగ్గర 42. రెండూ పీఎన్ 6కు లోబడే. పైపు కూడా మార్చక్కర్లేదు: 20 మీటర్ల ఎత్తుతో 500 మీటర్ల 32 పైపు 0.57 లీటరు మోస్తుంది, మీకు కావాల్సింది 0.4. బిగించే వాల్వు తొట్టిలో నీళ్లు పడే చోట పెట్టాలి. తొట్టి నుంచి కిందికి అంతా దిగుడే కాబట్టి అందులో గాలి దూరినా ఇరుక్కునే చోటు లేదు. మధ్యలో పైపు మళ్లీ ఎక్కకుండా చూసుకోవాలి, అంతే.

బయటికి పోయే పైపు తొట్టి అడుగుకు 15 సెం.మీ. పైన ఉండాలి, నోటికి జాలి, దాని మీద కనీసం 25–30 సెం.మీ. నీళ్లు నిలవాలి. లేదంటే సుడి తిరిగి గాలి లాగుతుంది. పొంగు గొట్టం 50 మి.మీ. ఆ పొంగును వృథాగా వదలకుండా కింద పశువుల తొట్టికి కలపండి. పశువులు వాగులోకి దిగకుండా అక్కడే తాగుతాయి.

ఇక జాయింట్లు. పైపు కొసను మంట మీద కాచి, ఇంకో పైపును అందులోకి దోపి, పైన సైకిల్ ట్యూబు చుట్టి తీగతో బిగించినవి ఎక్కడైనా ఉంటే ముందు అవి కోసి పారేయండి. అవి నీళ్లు బయటికి రాకుండా ఆపుతాయేమో గానీ గాలి లోపలికి రాకుండా ఆపవు. 32, 40 సైజులకు రబ్బరు రింగు ఉన్న కంప్రెషన్ కాలర్లు వాడాలి. పైపు కొస నిలువుగా కోసి, అంచు చాకుతో ఏటవాలుగా చెక్కి, ఎంత లోపలికి పోవాలో ముందే గీత పెట్టుకుని, సబ్బు నీళ్లు రాసి గీత దాకా తోయాలి. గ్రీజు, నూనె రాస్తే రబ్బరు పాడవుతుంది. బిగించేది చేత్తోనే, చివర్లో పట్టీతో పావు చుట్టు.

ఎండలో జాయింట్లు బిగించవద్దు. హెచ్‌డీపీఈ ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.2 మి.మీ. సాగుతుంది. మధ్యాహ్నం 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన 100 మీటర్ల పైపు రాత్రికి 40 సెం.మీ. కుంచించుకుపోతుంది. బిర్రుగా లాగి కలిపారంటే తెల్లారేసరికి ఏదో ఒక కాలర్‌లోంచి ఊడి ఉంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కలపండి, కందకంలో పామువంకరగా వదులుగా పరవండి.

కందకం 60 సెం.మీ. లోతు, బండి దారి కింద 90. పైపు చుట్టూ పది సెం.మీ. మెత్తటి మట్టి, రాళ్లు తగలకూడదు. నల్ల పైపు ఎండకు అంత తొందరగా చెడదు, కొండవార దాన్ని చంపేది ఎండుగడ్డికి పెట్టే నిప్పు. నేలమీద ఉన్న పైపు ఒక్క గాలివాటుకు పదుల మీటర్లు కరిగిపోతుంది. అడవి పందుల సంగతీ చెప్పక్కర్లేదు, తడి ఉన్న చోటల్లా తవ్వుతాయి. రాతి నేల మీద తవ్వడం కుదరని చోట జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేసి క్లాంపులతో రాతికి బిగించండి. వాగు దాటే చోట కూడా జీఐ. వరద గుర్తు కంటే మీటరు పైన ఇనుప తాడుకు వేలాడదీయడమైనా, ఇసుక కింద గట్టి పొర దాకా తవ్వి కాంక్రీటులో పూడ్చడమైనా చేయాలి. వాగులో రాళ్ల మధ్య ఊరికే పడేసిన పైపు మొదటి వరదకే పోతుంది.

వాగుకు ఇవతల పల్లపు చోట అదే సైజు టీ పెట్టి వాషౌట్ వాల్వు బిగించండి. ఇసుకంతా అక్కడే చేరుతుంది. వానలకు ముందు ఒకసారి, మధ్యలో నెలకోసారి తెరిచి నీళ్లు తేటపడేదాకా వదలాలి.

నీటిలెక్క

తొట్టి ఆలోచన బాగుంది. ట్యాంకు దగ్గర ఫ్లోట్ వాల్వు పెట్టేటట్టయితే నా ఓటూ దానికే. అయితే ఊరికి అరకిలోమీటరు పైన మనిషి తిరగని చోట కట్టే తొట్టి అది. మూత తెరిచి బట్టలు ఉతికేవాళ్లూ, మూత లేక కప్పలు పడటమూ మామూలే. మూత బరువైన కాంక్రీటు పలకతో చేసి తాళం వేయండి, గాలి గొట్టం కొస కిందికి వంచి సన్న జాలి కట్టండి.

రెండిట్లో ఏది చేసినా ముందు ఆ 20 మీటర్ల సంగతి తేల్చుకోవాలి. ఆ ఎత్తులు ఫోనులో చూసి రాసినవైతే నమ్మవద్దు, పది ఇరవై మీటర్లు అటూ ఇటూ అవ్వడం దానికి మామూలే. మిట్ట 20 కాకుండా 8 మీటర్లే కింద ఉందనుకోండి, 32 పైపు తొట్టి దాకా 0.35 లీటరే మోస్తుంది, లెక్కంతా మారిపోతుంది.

చవకైన పద్ధతి ఉంది. పైపు నింపి, కింద మూసి, మిట్ట మీద టీ పెట్టి అక్కడి గాలంతా వదిలేసి ప్రెజర్ గేజ్ బిగించండి. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు ప్రతి 10 మీటర్లకు ఒక కిలో చూపిస్తుంది. మిట్ట దగ్గర 2.0, వాగు దగ్గర 4.8, కింద 6.2 రావాలి. పాత పైపుకు ఒత్తిడి ఎక్కువవుతుంది కాబట్టి కింద ఎక్కువసేపు మూసి ఉంచకండి, చదివి వదిలేయండి. తక్కువ చూపిస్తే ఎక్కడో గాలి ఇంకా ఉన్నట్టు, లేదా ఎత్తు తప్పు. గేజ్ దొరక్కపోతే మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక ట్యూబుతో అంచెలంచెలుగా కొలుచుకుంటూ దిగడమే. రోజు పని, కానీ తప్పు పోదు.

మిట్ట మీద ఆటోమేటిక్ ఎయిర్ వాల్వు కొనిపిస్తారు ఎవరో ఒకరు. ఒత్తిడి ఎప్పుడూ సున్నాకు పైనే ఉండే చోట అది మంచిదే. ఇప్పుడున్న స్థితిలో మిట్ట దగ్గర పెడితే గాలి బయటికి పంపకపోగా తానే లోపలికి లాగుతుంది.

ఊటచెలమ

వాన పడితే ఎర్రనీళ్లు రావడానికి రెండు కారణాలుంటాయి. పై వాలు నుంచి దొర్లే వాన నీళ్లు ఊట గుంటలో కలవడం ఒకటి. ఊటే లోతులేనిదై, పై మట్టిలోంచి గంటల్లోనే వాన నీళ్లు దిగడం రెండోది. తేల్చుకోవడం తేలిక: ఊటకు 10 మీటర్లు పైన వాలుకు అడ్డంగా అర మీటరు లోతు మళ్లింపు కాలువ తవ్వి, నీళ్లను పక్క వాగులోకి వదిలి, తర్వాతి వానకు చూడండి. ఎరుపు తగ్గితే మొదటిది. బకెట్టు లెక్క వాన పడ్డ కొద్ది గంటల్లోనే రెట్టింపైతే రెండోది, అప్పుడు క్లోరిన్ లేకుండా తాగడానికి ఇవ్వకూడదు.

పెట్టె కట్టేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటే: నీళ్లు ఎక్కువ నిలవ చేద్దామని ఊట కన్ను కంటే ఎత్తుగా గోడ లేపి నీళ్లు నింపడం. ఊట మీద బరువు పడితే నీళ్లు రాతి చీలికల్లో ఇంకో దారి వెతుక్కుంటాయి. ఆరు నెలలకు పక్కన పది మీటర్ల దూరంలో తడి కనిపిస్తుంది, మీ పెట్టెలో సగం ధారే ఉంటుంది. తర్వాత గోడ పగలగొట్టినా పాత దారికి తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు. కాబట్టి పొంగు గొట్టం ఊట కన్ను కంటే కిందే ఉండాలి. నిలవకు ఊరి ట్యాంకు ఉంది, ఇక్కడ పట్టుకోవడమే పని.

వరస ఇలా. గడ్డీ వేళ్లూ తీసి, కన్ను వెంబడి వెనక్కి తవ్వుతూ నీళ్లు రాతి పొర మీదనుంచి వచ్చే చోటు దాకా పోవాలి. గునపంతో పొడవకండి, పేలుడు మాట అసలే వద్దు. కింది పొర పగిలితే నీళ్లు అడుక్కి దిగిపోతాయి. తవ్వుతున్నంతసేపూ నీళ్లు ఒక పైపులోంచి పక్కకు పోతూ ఉండాలి. జిగట మట్టితో చిన్న కట్ట వేసి దాంట్లో పైపు ముక్క గుచ్చితే సరిపోతుంది. కన్ను ముందు కడిగిన రాళ్లు, పెద్దవి లోపల, చిన్నవి బయటికి పేర్చి, వాటి ముందు చిల్లులున్న గోడ లేపండి. గోడకు ఇవతలే పెట్టె. రాళ్ల పైన 10 సెం.మీ. కంకర, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద 30 సెం.మీ. జిగట మట్టి కొట్టి బిగించి, పైన గడ్డి నాటాలి. చెట్లు వద్దు, వేళ్లు నేరుగా నీళ్లలోకే వస్తాయి.

పెట్టెలో మూడు గొట్టాలు. ఊరికి పోయేది అడుగుకు 10–15 సెం.మీ. పైన, కొసకు చిల్లుల గొట్టం, దాని చుట్టూ స్టీలు జాలి. కడగడానికి అడుగునే 50 మి.మీ. గొట్టం, బయట బిరడా. పొంగు గొట్టం ఊట ఎక్కువైన రోజుల నీటికి సరిపడేంత లావు. పొంగు నీళ్లు పెట్టె పునాది కిందికి కాకుండా రాళ్లు పేర్చిన కాలువలో వాగుకు పోవాలి. చుట్టూ కంచె, ఊటకు పై వాలున పశువుల మందా మరుగుదొడ్డీ లేకుండా చూడాలి.

బకెట్టు కొలత సంగతి. గుంటలోంచి కారే నీళ్లు సగం రాళ్ల కింద నుంచి పోతాయి కాబట్టి ఇప్పుడు కొలిచిన 0.4 తక్కువే కావచ్చు. మట్టికట్ట వేసి పైపులోంచి కొలిస్తే నిజం తెలుస్తుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం కొలవండి. చెట్లు నీళ్లు లాగే వేళ ధార తగ్గుతుంది, ఆ తక్కువ అంకె మీదే లెక్క కట్టాలి.

కొండవార

మట్టికట్ట వేసి కొలవడం, గేజ్ పెట్టి చూడటం రెండూ చేయిస్తాం. మిట్ట మీద తొట్టి వైపే మొగ్గు. ఇంకో రెండు విషయాలు. పై వరస ఇళ్లు ట్యాంకుకు 5 మీటర్లు కింద, అట్టడుగు ఇళ్లు 20 మీటర్లు కింద. కింది వాళ్లు కుళాయి తిప్పితే పై వాళ్లకు చుక్క రాదని ఇప్పటికే గొడవ మొదలైంది. రెండోది, ఊట ధార ఏటా తగ్గుతోందని పెద్దవాళ్ల మాట. దానికి ఏమైనా చేయొచ్చా?

పైపుమేస్త్రి

ముందు ట్యాంకు సైజు. మనిషికి 55 లీటర్లు వేసుకుంటే 260 మందికి 14,300. పశువుకు 40 చొప్పున 2,400. రోజుకు 16,700 లీటర్లు. ఊట 24 గంటల్లో ఇచ్చేది 34,560. నీళ్లు చాలు, చాలనిది పొద్దుటి రెండు గంటలే. రాత్రి ఎనిమిది గంటల్లో వచ్చే 11,520 లీటర్లు పట్టుకుంటే సరి, కాబట్టి 10,000 లీటర్ల ట్యాంకు. లోపల 2.5 మీటర్లు పొడవు, అంతే వెడల్పు, నీటి లోతు 1.6 మీటర్లు.

గొడవ తీరాలంటే ట్యాంకు నుంచే రెండు లైన్లు వేరుగా తీయండి. పై ఇళ్ల గొట్టం అడుగుకు 10 సెం.మీ. ఎత్తులో, కింది ఇళ్ల గొట్టం 40 సెం.మీ. ఎత్తులో. ఈ ట్యాంకులో ప్రతి 10 సెం.మీ.కు 625 లీటర్లు. నీళ్లు తగ్గితే ముందు కింది లైను ఆగుతుంది, ఆఖరి 1,875 లీటర్లు పై వరసకే. రెండు గొట్టాలూ అడుగునే పెట్టి వాల్వులతో సర్దుతామంటే రోజూ వాల్వు దగ్గర పంచాయితీ.

కుళాయిల్లో కూడా బిళ్లలు వేయండి. 20 మీటర్ల ఒత్తిడి ఉన్న కుళాయికి 4 మి.మీ. రంధ్రం పెడితే సెకనుకు 0.15 లీటరు వస్తుంది. 5 మీటర్లు ఉన్నచోట 6 మి.మీ. పెడితే 0.17. పై బిందె, కింది బిందె దాదాపు ఒకే సమయంలో నిండుతాయి. బిళ్ల కుళాయికి ముందున్న యూనియన్‌లో ఉండాలి, కుళాయి మూతిలో పెడితే మర్నాటికే తీసేస్తారు.

ఊటచెలమ

క్లోరిన్ మాట కూడా ఇక్కడే. కొత్త ట్యాంకును వాడకానికి ముందు శుద్ధి చేయడానికి 10,000 లీటర్లకు 30 శాతం బ్లీచింగ్ పౌడర్ 1.6 కిలోలు. రాత్రంతా నిలిపి, మొత్తం పారబోసి, కడిగి మళ్లీ నింపాలి. ఆ నీళ్లు వాగులోకి వదలకండి, చేపలు చస్తాయి. రోజువారీ మోతాదు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములతో మొదలుపెట్టి, అరగంట ఆగి, కుళాయి దగ్గర లీటరుకు 0.2 నుంచి 0.5 మి.గ్రా. మిగులుతోందో లేదో కిట్‌తో చూసి సర్దాలి. పౌడర్ బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి. మూట విప్పాక సత్తువ తగ్గిపోతూ ఉంటుంది, గాలి తగలని డబ్బాలో నీడన ఉంచాలి. ఎర్రనీళ్లలో క్లోరిన్ వేసి లాభం లేదు, మట్టే దాన్ని తినేస్తుంది. అలాంటి రోజుల్లో ట్యాంకులోకి నీళ్లు మళ్లించకుండా వాషౌట్ నుంచి వదిలేయడం మేలు.

ధార తగ్గడం గురించి. ఊట పక్కనే గుంటలు తవ్వి వాన నీళ్లు ఇంకిస్తే సరిపోతుందనుకుంటారు. చాలాచోట్ల ఊటకు నీళ్లు చేరేది దాని నెత్తిమీది వాలు నుంచి కాదు, రాతి పొరలు ఏ వైపు వాలి ఉన్నాయో ఆ ఎగువ నుంచి. అది కొండ అవతలి పక్క కూడా కావచ్చు. ఊట దగ్గర బయటపడ్డ బండ పొర ఎటు వాలుతోందో చూసి, దానికి ఎదురుగా ఎగువకు నడిచి, నీళ్లు ఇంకే చోటు గుర్తించాలి. సిక్కింలో ఊటలను బతికించే ధారా వికాస్ కార్యక్రమం కింద చేసిన పని ఈ పద్ధతిలోనే, ముందు భూగర్భం చదివి, తర్వాత కందకాలు.

ఆ చోట వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, 2 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు కందకాలు, ఒక వరస మధ్య ఖాళీకి ఎదురుగా కింది వరస కందకం వచ్చేలా తవ్వండి. తీసిన మట్టి కందకానికి కింది అంచున వేసి గడ్డి నాటాలి. వాలు బాగా నిటారుగా ఉన్న చోట, ఇప్పటికే నేల పగుళ్లిచ్చిన చోట, ఇళ్లకు నేరుగా పైన మాత్రం తవ్వవద్దు. ఇంకిన నీళ్ల బరువుకు వాలే జారుతుంది. ముందు నుంచే పదిహేను రోజులకోసారి బకెట్టు కొలత, పక్కనే వాన కొలత ఒక పుస్తకంలో రాస్తూ రండి. కందకాలు పనిచేస్తున్నాయో లేదో తెలిసేది వానాకాలపు ధారను చూసి కాదు, వానలు ఆగాక ధార ఎంత నెమ్మదిగా తగ్గుతోందో చూసి.